చెడులో తారతమ్యం: ఇంగ్లీషు, అరబిక్ వ్యక్తీకరణలు – తెలుగు అనువాద సమస్య

వ్యాస సంగ్రహం

రెండు చెడ్డ విషయాలను పోల్చి, ఒకటి రెండవదానికంటే చెడ్డదని చెప్పే పద్ధతి అన్ని భాషలలోనూ ఒక్కటి కాదు. ఇంగ్లీషు ఇందుకు వేరే ధాతువు నుంచి వచ్చిన రూపాలను వాడుతుంది. అరబిక్ ఒకే అచ్చులో పోసిన రూపంతోను, ‘షర్ర్’ అనే విలక్షణమైన పదంతోను ఈ పని సాధిస్తుంది. తెలుగు విశేషణానికి తారతమ్యాన్ని తెలిపే ప్రత్యయం లేదు. ఈ మూడు పద్ధతులను పరిశీలించి, అనువాదంలో తలెత్తే ఒక ప్రధాన సమస్యను, అనగా ‘పోల్చబడిన రెండవ వస్తువు కూడా చెడ్డదేనా?’ అనే ప్రశ్నను, ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: తారతమ్యం, ఇస్మ్ తఫ్‌జీల్, ఆదేశం, పంచమీ విభక్తి, అనువాదం, అర్థవిచారం.

1. ప్రవేశిక

తారతమ్యం అనే మాటలోనే సంస్కృత ప్రత్యయాలైన ‘తర’, ‘తమ’ ఇమిడి ఉన్నాయి. రెండింటిలో ఒకదాని ఆధిక్యాన్ని ‘తర’, అనేకంలో ఒకదాని ఆధిక్యాన్ని ‘తమ’ తెలుపుతాయి. గుణాధిక్యాన్ని చెప్పడం సులభంగానే కనిపిస్తుంది. ఒకరు పొడుగు, మరొకరు ఇంకా పొడుగు. అయితే పోలిక చెడు మీదికి మళ్ళినప్పుడు వాక్యం రెండు ప్రశ్నలకు ఒకేసారి సమాధానం చెప్పవలసి వస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువ చెడ్డది అనేది మొదటి ప్రశ్న. తక్కువ చెడ్డదిగా తేలినది నిజంగా చెడ్డదేనా, లేక మంచిదే అయి ఉండవచ్చునా అనేది రెండవ ప్రశ్న. మొదటిదానికి ప్రతి భాషా స్పష్టంగా సమాధానం చెబుతుంది. రెండవదాని విషయంలోనే భాషలు వేరువేరు దారులు పడతాయి. అనువాదకుడు తడబడేది కూడా అక్కడే.

2. ఇంగ్లీషు: వేరు ధాతువు నుంచి వచ్చిన రూపాలు

ఇంగ్లీషులో ‘బ్యాడ్’ అనే విశేషణానికి ‘వర్స్’, ‘వర్స్ట్’ అనేవి తారతమ్య రూపాలు. వీటికీ మూల విశేషణానికీ ధ్వనిసామ్యం లేదు. ఇందుకు చారిత్రక కారణం ఉంది. ప్రాచీన ఆంగ్లంలో చెడును తెలిపే ప్రధాన విశేషణం నేటి ‘ఈవిల్’కు పూర్వరూపం. వర్స్, వర్స్ట్ అనే మాటల పూర్వరూపాలు ఆ విశేషణానికి తారతమ్య రూపాలుగా ఉండేవి. మధ్యయుగంలో బ్యాడ్ అనే మాట వ్యాప్తిలోకి వచ్చి క్రమంగా ఈవిల్ స్థానాన్ని ఆక్రమించింది. ఆ స్థానంతోపాటు దాని తారతమ్య రూపాలు కూడా కొత్త మాటకు సంక్రమించాయి. బ్యాడ్‌కు సహజంగా ఏర్పడగలిగిన ‘బ్యాడర్’, ‘బ్యాడెస్ట్’ రూపాలు కొన్ని శతాబ్దాలపాటు వాడుకలో ఉన్నా ప్రామాణిక భాషలో నిలబడలేదు. ‘బ్యాడెస్ట్’ అమెరికన్ వ్యావహారికంలో నేటికీ వినిపిస్తుంది. కాని అక్కడ దాని అర్థం తిరగబడి, ‘ఎదురులేనివాడు’ అనే ప్రశంసగా మారింది.

ఒక రూపం స్థానంలో వేరొక ధాతురూపం వచ్చి నిలవడం సంస్కృత వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. ‘ప్రశస్య’ శబ్దానికి ‘శ్ర’ ఆదేశమై శ్రేయస్, శ్రేష్ఠ రూపాలు ఏర్పడతాయని పాణినీయం చెబుతుంది. గుడ్, బెటర్, బెస్ట్ అనే రూపాలది కూడా ఇదే తీరు. తరచుగా వాడే మాటలలోనే ఇటువంటి సక్రమం కాని రూపాలు నిలిచి ఉండడం అనేక భాషలలో కనిపించే లక్షణం.

అర్థపరంగా చూస్తే వర్స్ అనే మాట రెండవ ప్రశ్నకు కొంతవరకు తానే సమాధానం చెబుతుంది. రెండు అద్భుతమైన విందులలో ఒకటి కొంచెం తక్కువ రుచిగా ఉంటే దానిని రెండవదానికంటే ‘వర్స్’ అనడం ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి సాధారణంగా ఎబ్బెట్టుగా తోస్తుంది. ‘అంత బాగాలేదు’ అనే అర్థమిచ్చే వ్యతిరేక వాక్యాన్నే వారు ఎంచుకుంటారు. ‘బెటర్’ అనే మాటకు ఈ పరిమితి లేదు. కోలుకుంటున్న రోగి నిన్నటికంటే ‘బెటర్’ అంటే అతడు ఆరోగ్యంగా ఉన్నాడని అర్థం కాదు. మంచి వైపు తారతమ్యం తటస్థంగా ఉండగా, చెడు వైపు తారతమ్యం తనవెంట చెడును కూడా మోసుకువస్తుంది.

3. అరబిక్: ఒకే రూపం, పరిసరాన్ని బట్టి అర్థం

అరబిక్ వ్యాకరణంలో తారతమ్య రూపాన్ని ‘ఇస్మ్ తఫ్‌జీల్’ అంటారు. మూడు హల్లుల ధాతువును ‘అఫ్అల్’ అనే అచ్చులో పోస్తే ఈ రూపం సిద్ధిస్తుంది. సీన్, వావ్, హమ్జా అనే మూడు అక్షరాల ధాతువు చెడును తెలుపుతుంది. దాని నుంచి ‘సయ్యిఉ’ అనే విశేషణం, ‘అస్వఉ’ అనే తారతమ్య రూపం వస్తాయి. ‘కబహ’ (వికృతమగుట) ధాతువు నుంచి ‘అక్బహ్’ ఇదే పద్ధతిలో ఏర్పడుతుంది. ఈజిప్టు వ్యావహారికంలో ‘విహిష్’ అనే మాటకు ‘అవ్‌హష్’ కూడా ఈ అచ్చుకు చెందినదే.

ఇంగ్లీషులో వర్స్, వర్స్ట్ వేరువేరు పదాలు. అరబిక్‌లో ఆ రెండు పనులనూ ‘అస్వఉ’ ఒక్కటే నిర్వహిస్తుంది. ఏ పని చేస్తున్నదో పరిసరపదాలు నిర్ణయిస్తాయి. ‘మిన్’ అనే అవ్యయం తోడైతే ‘దానికంటే చెడ్డ’ అనే అర్థం. అనిశ్చిత నామంతో షష్ఠీసంబంధంలో చేరి ‘అస్వఉ రజులిన్’ అంటే ‘అందరిలోకి చెడ్డ మనిషి’. ‘అల్’ అనే నిశ్చితార్థకం చేరితే సంప్రదాయం ప్రకారం లింగవచనాలను అనుసరించాలి. స్త్రీలింగ రూపం ‘సూఆ’ అవుతుంది. కాని ఆధునిక గద్యంలో ఈ రూపం అరుదు. స్త్రీలింగ నామం వెంట కూడా ‘అల్ అస్వఉ’ అనడమే నేటి వాడుక.

అఫ్అల్ అచ్చుకు వ్యాకర్తలు కొన్ని నియమాలు పెట్టారు. రంగులను, శరీర లోపాలను తెలిపే మాటలకు సామాన్య విశేషణమే అఫ్అల్ రూపంలో ఉంటుంది. ‘అఅరజ్’ అంటే కుంటివాడు. అందుచేత ‘ఎక్కువ కుంటివాడు’ అనడానికి అదే అచ్చును మళ్ళీ వాడకుండా, ‘అషద్ద్’ (ఎక్కువ తీవ్రమైన) అనే మాటను ముందుంచి, లోపాన్ని తెలిపే నామాన్ని ద్వితీయా విభక్తిలో చేరుస్తారు. ‘తక్కువ చెడ్డ’ అనడానికి ‘అకల్లు సూఅన్’ అనేది కూడా ఇటువంటి నిర్మాణమే.

రెండవ ప్రశ్న విషయంలో అరబిక్ వ్యాకర్తల నిర్వచనం స్పష్టంగా ఉంది. రెండు వస్తువులు ఒక గుణంలో పాలుపంచుకుని, వాటిలో ఒకటి ఆ గుణంలో మించిపోయినప్పుడు ఇస్మ్ తఫ్‌జీల్ వాడతారు. దీని ప్రకారం ‘అస్వఉ మిన్’ అనగానే రెండూ చెడ్డవేనని తేలుతుంది. కాని దీనికి అపవాదాలను కూడా వారే చూపారు. ఎండాకాలం చలికాలంకంటే వేడి, తేనె వెనిగర్‌కంటే తీపి అనే వాక్యాలు అందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. చలికాలంలో వేడి లేదు, వెనిగర్‌లో తీపి లేదు. మొదటి వాక్యానికి వ్యాకర్తలు చెప్పే తాత్పర్యం, ఎండాకాలపు వేడి తన స్థానంలో చలికాలపు చలిని మించినదని. కనుక రెండవ వస్తువు కూడా చెడ్డదేనని రూపాన్ని బట్టి మాత్రమే నిశ్చయించడానికి వీలులేదు.

4. ‘షర్ర్’: నామమా, తారతమ్యమా?

అరబిక్‌లో చెడును పోల్చే మాటలన్నింటిలో అనువాదకుడికి ఎక్కువ పరీక్ష పెట్టేది ‘షర్ర్’. ఇది ‘కీడు’ అనే అర్థంలో నామం. ఇదే మాట ఏ మార్పూ లేకుండా ‘ఎక్కువ చెడ్డ’, ‘అన్నింటికంటే చెడ్డ’ అనే అర్థాలలో తారతమ్య రూపంగా కూడా పనిచేస్తుంది. మంచిని తెలిపే ‘ఖైర్’ దీనికి జంటపదం. వీటి అసలు రూపాలు అషర్ర్, అఖ్‌యర్ అని, అత్యంత వ్యాప్తి వల్ల మొదటి హమ్జా లోపించిందని వ్యాకర్తలు వివరిస్తారు. పూర్ణరూపాలు దొరికినా అవి అరుదు.

దీని ఫలితంగా ‘షర్రున్నాస్’ అనే సమాసానికి రెండు అర్థాలు సాధ్యం. షర్ర్‌ను నామంగా తీసుకుంటే ‘మనుషుల వల్ల కలిగే కీడు’ అవుతుంది. తారతమ్యంగా తీసుకుంటే ‘మనుషులలోకెల్లా చెడ్డవాడు’ అవుతుంది. ‘కీడు నుంచి కాపాడు’ అనే తీరు వాక్యంలో మొదటిది, ఒక వ్యక్తిని గూర్చి చెప్పే వాక్యంలో రెండవది సరిపోతుంది. నిఘంటువులోని మొదటి అర్థాన్నే పట్టుకున్న అనువాదంలో, ఒక వ్యక్తిని నిందించే వాక్యం కీడు స్వభావాన్ని గూర్చిన సామాన్య సూత్రంగా మారిపోతుంది. ఖురాన్ భాషలోనూ షర్ర్ ఈ రెండు విధాలుగానూ ప్రయుక్తమైనందున, ఆ గ్రంథాన్ని అనువదించేవారికీ ఈ విచక్షణ తప్పదు.

రెండు కీడులలో తక్కువదానిని ఎంచుకోవడాన్ని అరబిక్ ‘అహ్వనుష్షర్రైన్’ అంటుంది. ఇందులో షర్ర్ నామమే, ద్వివచనంలో ఉంది. ‘అహ్వన్’ అంటే ‘ఎక్కువ తేలికైనది’. ఒట్టోమన్ సామ్రాజ్యం 1869–1876 మధ్య వెలువరించిన మజల్లా పౌరస్మృతి ప్రారంభంలోని న్యాయసూత్రాలలో ఇది ఒకటిగా స్థానం పొందింది. ఇదే భావాన్ని చెప్పే ఇంగ్లీషు పలుకుబడి ‘లెసర్’ అనే మాటను వాడుతుంది. ఆ మాట కూడా ‘లెస్’ అనే తారతమ్య రూపానికి మళ్ళీ తారతమ్య ప్రత్యయం చేర్చగా వచ్చినదే. ఇంగ్లీషు పరిమాణాన్ని కొలవగా, అరబిక్ బరువును తూచింది. ఈ ఒక్క పలుకుబడిలో మాత్రం రెండవ ప్రశ్నకు సందేహం లేదు. రెండూ కీడులేనని నామమే ప్రకటిస్తుంది.

5. సామెతలలో చెడు కొలమానం

అఫ్అల్ అచ్చు అరబిక్ సామెతలకు ఒక ప్రత్యేక శాఖనే ఇచ్చింది. 10వ శతాబ్దికి చెందిన హమ్జా అల్ ఇస్ఫహానీ ఈ తీరు సామెతలకే ఒక సంకలనం కూర్చాడు. 1124లో మరణించిన మైదానీ తన సామెతల సంకలనంలో ప్రతి అక్షరం కింద వీటికి వేరుగా చోటిచ్చాడు. వీటిలో దుర్గుణాలకు కొలమానాలుగా వ్యక్తులు, జంతువులు నిలుస్తారు. పిసినారితనానికి కొలమానం మాదిర్. తన ఒంటెకు నీరు పెట్టాక, మిగిలిన నీరు ఇతరులకు పనికిరాకుండా పాడుచేసినవాడని కథ. అపశకునానికి కొలమానం బసూస్. ఆమె పక్షాన ఉన్న ఒక ఒంటె వధతో బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య దీర్ఘయుద్ధం రేగిందని ప్రతీతి. అన్యాయానికి కొలమానం ఇతర ప్రాణుల కలుగులను ఆక్రమించే పాము. ఈ సామెతలలో ‘మిన్’ తర్వాత వచ్చే వ్యక్తి ఆ దుర్గుణానికి పరాకాష్ఠ. కాబట్టి రెండవ వస్తువు చెడ్డదేనా అనే సందేహానికి ఇక్కడ తావులేదు.

తప్పుకంటే వికారమైన సాకు అనే అర్థంలో ‘ఉజ్రున్ అక్బహు మిన్ జన్బ్’ అనే పలుకుబడి నేటికీ వాడుకలో ఉంది. చెడిన పని మరింత చెడిందనడానికి ‘బురదను ఇంకా తడిపాడు’ అనే అర్థమిచ్చే జాతీయం ఉంది. తెలుగు ఇటువంటి చోట్ల విశేషణాన్ని వదిలి సంఘటనను చూపుతుంది. గోరుచుట్టుపై రోకటిపోటు, పెనం మీదినుంచి పొయ్యిలో పడడం, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడడం అనేవాటిలో తారతమ్య పదం ఒక్కటీ లేదు. అయినా మొదటి స్థితి చెడ్డది, రెండవది అంతకంటే చెడ్డది అనే రెండు సంగతులూ స్పష్టమవుతాయి.

6. తెలుగు: ‘కంటె’ చెప్పేది, చెప్పనిది

తెలుగు విశేషణం తారతమ్యంలో రూపం మార్చుకోదు. పోలికను ‘కంటె’ మోస్తుంది. సంప్రదాయ వ్యాకరణం దీనిని వలన, పట్టి అనేవాటితోపాటు పంచమీ విభక్తిలో చేర్చింది. అరబిక్ ‘మిన్’ మూలార్థం కూడా ‘నుంచి’ అనేదే. ఈ ఒక్క అంశంలో తెలుగు, అరబిక్, సంస్కృతం ఒకే దారిలో నడుస్తాయి. ఇంగ్లీషు ‘దాన్’ మాత్రం ‘అప్పుడు’ అనే అర్థమిచ్చే ‘దెన్’తో చారిత్రకంగా ఒకే పదం.

సంస్కృతం నుంచి వచ్చిన తారతమ్య రూపాలు తెలుగులో ఉన్నా వాటి తారతమ్య శక్తి సన్నగిల్లింది. పాప శబ్దానికి ‘ఇష్ఠ’ ప్రత్యయం చేరి ఏర్పడిన పాపిష్ఠ శబ్దానికి ‘అత్యంత పాపి’ అని మూలార్థం. తెలుగులో ‘పాపిష్ఠి’ ఉత్త నిందావాచకంగా మిగిలింది. ‘అధమ’ శబ్దం కూడా మూలంలో అన్నింటికంటే కిందిదనే అర్థం గలదే. దానిని మళ్ళీ తీవ్రం చేయడానికి ‘అధమాధమ’ అనవలసి వచ్చింది.

‘ఈ దారి ఆ దారికంటె చెడ్డది’ అనే వాక్యంలో ఆ దారి బాగున్నదా లేదా అన్నది తేలదు. ‘ఈ దారి ఆ దారికంటె ఇంకా చెడ్డది’ అంటే రెండూ చెడ్డవేనని తెలుస్తుంది. ‘మరీ’, ‘మరింత’, ‘అంతకంటె ఘోరం’ అనే ప్రయోగాలు కూడా సాధారణంగా ఈ పని చేస్తాయి. ఇంగ్లీషు పదార్థంలోనూ, అరబిక్ నిర్వచనంలోనూ దాగి ఉన్న అంశాన్ని తెలుగు వేరే మాటతో బయటపెడుతుంది. ఆ మాట పెట్టాలో మానాలో అనువాదకుడే నిర్ణయించుకోవాలి.

ఈ నిర్ణయం ప్రభావం పండిత చర్చలకే పరిమితం కాదు. గల్ఫ్ దేశాలలో పనిచేసే తెలుగువారికి అరబిక్ వైద్యపత్రాలు తరచుగా ఇంగ్లీషు మీదుగానే అర్థమవుతాయి. రోగి స్థితి నిన్నటికంటే ‘అస్వఉ’ అని, దానికి అనువాదంగా ‘వర్స్’ అని ఉన్నచోట ‘నిన్నటికంటె బాగాలేదు’ అంటే, నిన్న బాగానే ఉన్నాడని ఇంటివారు భావించే అవకాశం ఉంది. ‘ఇంకా క్షీణించింది’ అంటే నిన్నటి స్థితి కూడా ఆందోళనకరమేనని తెలుస్తుంది. క్షీణించు, విషమించు, దిగజారు, ముదురు వంటి క్రియలు తెలుగుకు ఈ విషయంలో సహజమైన సంపద. విశేషణానికి విశేషణాన్నే వెతకడంకంటె క్రియను ఆశ్రయించడం అనేక సందర్భాలలో మూలానికి దగ్గరగా ఉంటుంది.

7. ముగింపు

చెడు తారతమ్యాన్ని ఇంగ్లీషు మూడు వేరు పదాలలో నిక్షేపించింది. అరబిక్ ఒకే రూపాన్ని పరిసరానికి అప్పగించింది. తెలుగు దానిని విభక్తికి, అవ్యయానికి, క్రియకు పంచింది. ఏ భాషా మరొకదానికంటె పేదది కాదు. ‘రెండవది కూడా చెడ్డదేనా?’ అనే ప్రశ్నకు ఒక్కొక్కటి ఒక్కొక్క చోట సమాధానాన్ని ఉంచుతుంది. కనుక అనువాదకుడు మూలంలో ఆ సమాధానం ఎక్కడున్నదో ముందుగా గుర్తించి, తెలుగులో దానికి తగిన చోటు చూపాలి. ద్విభాషా నిఘంటువులు వర్స్, అస్వఉ, షర్ర్ అనే ఆరోపాలకు ‘ఎక్కువ చెడ్డ’ అని మాత్రమే అర్థమిచ్చి ఊరుకోక, ‘ఇంకా’, ‘మరీ’, ‘అందరిలోకెల్లా’ అనే ప్రయోగభేదాలను ఉదాహరణ వాక్యాలతో చూపితే భాషాబోధనకూ అనువాదానికీ మేలు జరుగుతుంది.