న్యూకలెడోనియా మహాగౌళులు

ఇంటిగోడలపై బ్రాకు గౌళి జేనెడైనను పెరుగదు. ఆస్ట్రేలియాకు దూర్పున, పసిఫిక్ మహాసముద్రమందలి న్యూకలెడోనియా ద్వీపములలో మాత్రము ఆ కులమునకే చెందిన మహాకాయములు గలవు. అవి పగలు చెట్టుతొఱ్ఱలలో దాగియుండి, రాత్రులందు వెలువడి పురుగులను, పండ్లను దినుచుండును. వానిలో లీచియానుస్ అను జాతి యిప్పుడు బ్రదికియున్న గౌళు లన్నిటిలో మిక్కిలి పెద్దది. సుమారు 36 సెంటీమీటర్ల పొడవు పెరుగును.

ఈ మహాగౌళులను విద్వాంసులు చిరకాలము రాకోడాక్టిలుస్ అను నొక్క ప్రజాతియందే చేర్చియుంచిరి. ఈ పేరు 1843లో ఫిట్జింగరు పెట్టినది. దేహము పెద్దది, నివాస మొక్కటి: ఇట్టి పోలికలే యా కూర్పునకు గారణములు. కాని పోలిక యెల్లప్పుడును చుట్టఱికమునకు సాక్ష్యము కానేరదు. 2012లో బవరు మున్నగువారు జన్యుపదార్థమును బరిశీలించి, పెద్దదేహ మొక్క వంశముననే కాక వేర్వేఱు శాఖలలో వేర్వేఱుగా నేర్పడెనని తేల్చి, యీ ప్రజాతిని రాకోడాక్టిలుస్, కొరెలోఫుస్, మ్నియారోగెక్కో అని మూడుగా విభజించిరి. పిల్లలను గను ట్రాకిరింకుస్, గ్రుడ్లు పెట్టు లీచియానుస్ మాత్రము మొదటి ప్రజాతియందే కలిసి నిలిచినవి. కావున నొక్క లక్షణమును బట్టి ప్రజాతిని నిర్ణయింపరాదు.

ఇందుకు గొప్ప నిదర్శనము మార్సేలు నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలోని యొక గౌళి. చర్మములో దూది మొదలగునవి కూరి నిలిపిన యీ కళేబరమునకు ఊరు పేరు తెలుపు చీటి లేదు. మూతినుండి తోక మొదలువఱకే 37 సెంటీమీటర్లు! 1986లో బవరు, రసెల్ అనువారు దీనిని వర్ణించి, హోప్లోడాక్టిలుస్ అను న్యూజీలాండు ప్రజాతిలో జేర్చి, దానిని గుర్తించిన డెల్కూరు పేర డెల్కూర్టై అనిరి. మావోరీల గాథలలోని కవెకవెయౌ అను పెద్దబల్లి యిదియే కావచ్చునని యూహయు బయలుదేఱెను. 2023లో దాని తొడయెముకనుండి తీసిన జన్యుపదార్థము వేఱు మాట చెప్పెను: అది న్యూజీలాండుది కాదు, న్యూకలెడోనియా శాఖలోనిది. నాటినుండి దానికి గిగార్కానుమ్ అను క్రొత్త ప్రజాతి యేర్పడినది. దానితోడి రెండవ ప్రతి యెచ్చటను దొరకలేదు. జాతి నశించెననియే తలంపు.

వర్గీకరణము కేవలము నామముల పట్టిక యనువారు దీనిని దలపోయవలెను. ఆ పట్టిక తప్పినచో రక్షింపవలసిన ప్రాణుల లెక్కయు దప్పును. 1866లో వర్ణితమై, నశించెనని తలపబడిన కొరెలోఫుస్ సిలియాటుస్ 1994లో మరల గనబడెను. డెల్కూరు గౌళి కా భాగ్యము లేదు. తన దను నొక జంతువును న్యూజీలాండు విడువవలసివచ్చెను. న్యూకలెడోనియాకో, తాను పోగొట్టుకొన్న దేమో యప్పుడు గాని తెలియలేదు.