వైఫై పోయిందా, నెట్ పోయిందా?

ఇంట్లో నెట్ నెమ్మదించిందంటే చాలా కుటుంబాల్లో జరిగేది ఒకటే. ముందు రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. కుదరకపోతే కేబులాయనకు ఫోన్. ‘‘ఇంకోసారి ఆఫ్ చేసి చూడండమ్మా’’ అంటాడాయన. కొన్నాళ్లు అలా నెట్టుకొచ్చి, విసిగిపోయి పెద్ద ప్లాన్‌కు మారతారు. లేదా ఎవరో చెప్పారని కొత్త రూటర్ కొంటారు. డబ్బులు పోతాయి గానీ పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు మాత్రం మునుపటిలాగే మధ్యలో తెగిపోతుంటుంది.

లోపం ఎక్కడుందో చూసుకోకుండా బాగుచేయబోవడమే ఇందులో చిక్కు. మన ఫోన్ నుంచి యూట్యూబ్ దాకా ఉన్న దారిని మూడు ముక్కలుగా చూడొచ్చు. ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య గాలిలో నడిచే వైఫై మొదటిది. రూటర్ నుంచి గోడ దాటి, వీధి స్తంభాల మీదుగా కంపెనీ ఎక్స్ఛేంజీకి వెళ్లే తీగ రెండోది. ఆ ఎక్స్ఛేంజీ నుంచి బయటి ప్రపంచం మూడోది. జనంలో తిరిగే అపోహల్లో చాలా భాగం ఈ మూడింటినీ కలిపేసి ‘నెట్’ అని ఒక్క మాటలో అనేయడం వల్ల పుట్టినవే.

అపోహ: వైఫై గీతలు నిండుగా ఉన్నాయంటే నెట్ బాగున్నట్టే.

ఫోన్ మీద కనిపించే ఆ గీతలు రూటర్ సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో మాత్రమే చెబుతాయి. వీధిలో తీగ తెగిపడి ఉన్నా గీతలు నిండుగానే కనిపిస్తాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది వైఫై పోతోందా, దాని వెనకున్న లైన్ పోతోందా అని. ఇది తేల్చడానికి మెకానిక్ అక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరవండి. మొదటి కిటికీలో ఇంగ్లిషులో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రూటర్ చిరునామా ఇవ్వండి. ఎక్కువ రూటర్లకు అది 192.168.1.1. మీది వేరే అయితే రూటర్ అడుగున అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది. చివర మళ్లీ ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, టీ అక్షరం కొడితే అది ఆపమనేదాకా నడుస్తూనే ఉంటుంది. రెండో కిటికీలో అదే పని గూగుల్ చిరునామా 8.8.8.8కు చేయండి. రెండూ పక్కపక్కన పెట్టి, నెట్ సతాయించే వేళ చూడండి. సెకనుకో వరుస చొప్పున పైకి జరుగుతూ, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపిస్తుంటుంది.

రూటర్ నుంచి వచ్చే జవాబు ఒకటి నుంచి ఐదారు మిల్లీసెకన్లలో నిలకడగా ఉండాలి. అదే ఒకసారి మూడు, ఒకసారి నాలుగు వందలు, మధ్యలో ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంటే తేడా మీ వైఫైలోనే ఉంది. కంపెనీవాళ్లను తిట్టి లాభం లేదు. మొదటి కిటికీ హాయిగా నడుస్తూ రెండోది మాత్రమే తెగుతుంటే మీ గదులూ గోడలూ నిర్దోషులు. లైనో, ఆ పైదో చూడాలి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా రూటర్‌కు కలిపి ఇదే పరీక్ష చేస్తే అనుమానానికి తావుండదు. ఎంత ఖరీదైన రూటర్ కొన్నా ఇంత కచ్చితంగా విషయం తేలదు.

అపోహ: వేగం చాలడం లేదంటే పెద్ద ప్లాన్ తీసుకోవాల్సిందే.

ఒక హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ వేగం సరిపోతుంది. 4కే అయితే 15 నుంచి 25 దాకా కావాలి. వీడియో కాల్ మూడు నాలుగుతో నడిచిపోతుంది. నలుగురున్న ఇంట్లో 40 లేదా 50 ఎంబీపీఎస్ ప్లాన్ నిజంగా పూర్తిగా అందుతుంటే ఇబ్బంది ఉండకూడదు. అది అందడం లేదంటే 200 ప్లాన్ కూడా అదే సందులో ఇరుక్కుంటుంది. ట్యాంకు పెద్దది కట్టించినంత మాత్రాన సన్నని కుళాయిలోంచి నీళ్లు ధారగా రావు.

ఆ సన్న కుళాయి చాలా ఇళ్లలో ఒక ల్యాన్ వైరు. ల్యాన్ వైరులో ఎనిమిది సన్న తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు, గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ విరిగినా, కొసన ఉన్న క్లిప్పులో సరిగ్గా బిగుసుకోకపోయినా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. కాబట్టి మీ ప్లాన్ 200 లేదా 300 అయి ఉండి, వైరు మీద పరీక్షించినప్పుడల్లా 94 దగ్గరే ఆగుతుంటే అది కంపెనీ మోసం కాకపోవచ్చు. ముందు వైరు మార్చి చూడండి. పాత రూటర్ల పోర్టులే 100కు మించవు, అది కూడా చూసుకోవాలి.

లెక్కలో ఇంకో తికమక ఉంది. ప్లాన్ మీద రాసేది మెగాబిట్లు. ఫైలు దిగేటప్పుడు కంప్యూటర్ చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్లు చూపిస్తే మీకు రావాల్సింది వస్తున్నట్టే. అలాగే ‘అన్‌లిమిటెడ్’ అన్న ప్లాన్లకూ చిన్న అక్షరాల్లో హద్దు రాసి ఉంటుంది. పెద్ద కంపెనీల ప్లాన్లలో అది నెలకు సుమారు 3,300 జీబీ. చిన్న ఆపరేటర్ల దగ్గర ఇంకా తక్కువ ఉండొచ్చు. నెలాఖరులో మాత్రమే నెట్ ఈడుస్తుంటే ముందు చూడాల్సింది అదే.

అపోహ: నాలుగు యాంటెన్నాల రూటర్ పెడితే ఇల్లంతా సిగ్నల్ అందుతుంది.

రూటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ తిరిగి జవాబివ్వాలి కదా! ఫోన్‌లోని వైఫై రేడియో చిన్నది, బ్యాటరీ మీద నడిచేది. వంటింట్లోంచి దాని గొంతు రూటర్‌కు వినిపించకపోతే గీతలు కనిపిస్తున్నా పేజీ తెరుచుకోదు. యాంటెన్నాల సంఖ్య కన్నా రూటర్ పెట్టిన చోటు ముఖ్యం. మన ఇళ్లలో తీగ గోడలోంచి ఎక్కడ లోపలికొస్తే అక్కడే రూటర్ బిగించి వెళ్లిపోతారు. సాధారణంగా అది వీధి గది మూల, టీవీ వెనక, లేదంటే చెప్పుల స్టాండు పైన. అక్కడి నుంచి పడగ్గదికి వెళ్లే దారిలో ఇనుప బీరువా ఒకటి నిలబడి ఉంటుంది. వైఫైకి ఇనుము దాటరాని గోడ. బీరువా, దాని తలుపుకున్న నిలువుటద్దం, ఫ్రిజ్, ఇనుప చువ్వలు నిండిన శ్లాబు, ఇవన్నీ సిగ్నల్‌ను మింగేవే, వెనక్కి కొట్టేవే. రూటర్‌ను ఇంటి మధ్యకు, మనిషి తల ఎత్తున, తెరిచిన చోట పెడితే పైసా ఖర్చు లేకుండా చాలా ఇళ్లలో సగం ఫిర్యాదులు తీరతాయి. ఇందుకోసం ఫైబర్ తీగను కాస్త పొడిగించమని లైన్‌మ్యాన్‌ను అడగడానికి మొహమాటపడకండి.

చాలా రూటర్లు రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు బాగా దాటుతుంది గానీ రద్దీ ఎక్కువ. అపార్ట్‌మెంటులో పక్కింటివాళ్ల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా వాడగలిగిన ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, ఒకటి రెండు గోడలకే అలసిపోతుంది. టీవీ, ల్యాప్‌టాప్ దగ్గర్లో ఉంటే 5కు కలపండి. దూరపు గదులకు 2.4 ఉంచండి. 5లోని కొన్ని ఛానెళ్లను రాడార్లు కూడా వాడతాయి. రాడార్ సంకేతం తగిలితే రూటర్ ఆ ఛానెల్ వదిలి వేరేదానికి మారాలన్నది నియమం. ఉన్నట్టుండి అన్ని ఫోన్లలో ఒకేసారి వైఫై పోయి, కాసేపటికి తిరిగొస్తుంటే సెట్టింగుల్లో ఛానెల్‌ను 36 నుంచి 48 మధ్య పెట్టి చూడండి.

పై అంతస్తుకు చౌక రిపీటర్ పెడతారు కొందరు. ఒకే రేడియోతో విని, మళ్లీ చెప్పే రిపీటర్ వేగాన్ని దాదాపు సగానికి కోస్తుంది. వీలైతే పై అంతస్తుకు ల్యాన్ వైరు లాగి, అక్కడ ఇంకో రూటర్ పెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

అపోహ: ఎర్ర లైటు లేదంటే లైన్ బాగున్నట్టే.

ఫైబర్ బాక్సు మీద లాస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలిగితే కాంతి అసలు రావడం లేదని అర్థం. వెలగకపోతే కాంతి వస్తోందని మాత్రమే అర్థం, చాలినంత వస్తోందని కాదు. దీన్ని డీబీఎంలో కొలుస్తారు. మైనస్ 15 నుంచి 25 లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 27 చేరితే ఇంటి బాక్సు చదవగలిగే చివరి అంచుకు వచ్చినట్టు. మూడు డీబీ తగ్గితే కాంతి సగమైనట్టే కాబట్టి ఆ అంచున ఉన్న లైను కాస్త గాలికి తీగ ఊగినా తెగుతుంది. వాన పడ్డప్పుడల్లా, లారీ వెళ్లినప్పుడల్లా నెట్ పోయే ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. లైన్‌మ్యాన్ దగ్గర పవర్ మీటర్ ఉంటుంది. ‘‘రీడింగ్ ఎంతొచ్చింది బాబూ?’’ అని అడిగి రాసుకోండి. చాలా బాక్సుల సెట్టింగుల పేజీలో కూడా ఆ అంకె కనిపిస్తుంది.

కాంతి ఎక్కడ పోతుందో కంటితో కూడా కొంత పట్టుకోవచ్చు. కిటికీ రెక్క కింద నలిగిన తీగ, మేకుకు చుట్టచుట్టి బిగించిన తీగ, బాక్సు వెనక గోడకు ఆనుకుని మడతపడ్డ తీగ. గాజుపోగు మరీ వంగితే కాంతి పక్కకు జారిపోతుంది. తీగను వదులుగా, అరచేతి వెడల్పు గుండ్రంలో ఉంచండి. ఆకుపచ్చ కొసను మాటిమాటికీ పీకి పెట్టొద్దు, దుమ్ము పడితే కాంతి తగ్గుతుంది. పీకిన కొసలోకి తొంగిచూడటం అసలే వద్దు. లోపలి లేజర్ కంటికి కనపడదు గానీ కంటికి హాని చేయగలదు.

మన దగ్గర ఈ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే వేలాడతాయి. ఏపీ ఫైబర్‌నెట్ ఊళ్లకు చేరింది కూడా ఆ స్తంభాల మీదుగానే. గాజు కరెంటును మోయదు గానీ, తీగను నిలబెట్టడానికి పక్కన వేసే ఉక్కు తీగ మోస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాకుకు ఐదుగురు చనిపోయారు. తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడంతో నగరంలో చాలాచోట్ల నెట్ ఆగింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. వీధిలో తెగి వేలాడే ఏ తీగనూ నెట్ తీగే కదా అని ముట్టుకోకండి.

అపోహ: ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగైందంటే సమస్య తీరినట్టే.

అప్పటికి తీరుతుంది. రూటర్ మెమరీ ఖాళీ అవుతుంది, రద్దీ తక్కువున్న ఛానెల్ దొరకొచ్చు. కానీ రోజూ చేయాల్సి వస్తోందంటే అసలు జబ్బు లోపలే ఉంది. ఒక్కోసారి అది పాతబడ్డ 12 వోల్టుల అడాప్టర్. నెట్ పోయినప్పుడు రూటర్ లైట్లన్నీ ఒకసారి ఆరి వెలుగుతుంటే లైనును అనుమానించే ముందు అడాప్టర్ మార్చి చూడండి. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే నెట్ పోతుంటే అపార్ట్‌మెంటు డాబా మీదో, స్తంభం మీదో ఉన్న ఆపరేటర్ స్విచ్‌కు బ్యాకప్ లేదని గ్రహించాలి. ఇక సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌ను మార్చమని యూట్యూబ్‌లో చెప్పే చిట్కా సైటు తెరుచుకోవడానికి పట్టే మొదటి క్షణాన్ని తగ్గించవచ్చు. డౌన్‌లోడ్ వేగాన్ని పెంచదు.

అపోహ: స్పీడ్ టెస్టులో 100 వచ్చిందంటే కంపెనీ తప్పేమీ లేదు.

స్పీడ్ టెస్టు సాధారణంగా దగ్గర్లోని సర్వర్‌తో జరుగుతుంది. ఒక్కోసారి అది మీ కంపెనీదే. అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ వెళ్లే దారి అది కాదు. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు ఇక్కడి సర్వర్‌తో చేసిన పరీక్ష బాగానే చూపించగలదు. ఇక రాత్రి తొమ్మిదికే ఈడ్చి, తెల్లవారుజామున పరుగెత్తే నెట్ అయితే అది రద్దీ. ఒకే ఫైబర్‌ను 32 లేదా 64 ఇళ్లకు పంచడం మామూలే. చిన్న ఆపరేటర్ అయితే పైనుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ కూడా చాలకపోవచ్చు. రెండు వేళల్లోనూ వైరు మీద పరీక్షించి ఆ ఫలితాలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

అపోహ: ట్రాయ్‌కి ఒక్క లేఖ రాస్తే కంపెనీ దిగొస్తుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు పెడుతుంది, విడివిడి వినియోగదారుల తగాదాలు తీర్చదు. ముందు కంపెనీ కాల్‌సెంటర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. లైన్‌మ్యాన్‌కు నేరుగా చేసిన ఫోన్ రికార్డుల్లోకి ఎక్కదు. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో ఉండే అప్పీలు అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. ఇంకో సంగతి, ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది, అంతే. అందుకే వాదన ఆ అంకె మీద కాకుండా మీరు డబ్బు కట్టిన ప్లాన్ వేగం మీద సాగాలి. ఫిర్యాదులో ‘నెట్ రావట్లేదు’ అని వదిలేయకుండా వైరు మీద ఏ వేళకు ఎంత వేగం వచ్చిందో, పవర్ మీటర్ రీడింగ్ ఎంతో, ఎర్ర లైటు ఏ తేదీల్లో వెలిగిందో రాయండి.