పటంపై దిక్కు, దూరం లెక్కించడం

పటంపై గుర్తించిన రెండు స్థలాల మధ్య దూరాన్ని, ఒకదాని నుండి రెండవది ఉన్న దిక్కును కనుగొనడం భూగోళశాస్త్రం, సర్వే, నౌకాయానాలలో ప్రాథమికమైన లెక్క. తుఫాను కేంద్రం ఎక్కడ ఉన్నదో వాతావరణ శాఖ తీరపట్టణాల నుండి దిక్కు, దూరాల రూపంలో కూడా తెలుపుతుంది. సముద్రంలో ఉన్న మత్స్యకారుడు తన పడవకు ఆ తుఫాను ఎంత దూరమో, ఎటువైపో తెలుసుకోవాలంటే ఈ లెక్క అవసరం.

దూరం

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటులో 2 సెం.మీ. నేలపై 1 కి.మీ.కు సమానం. పటంపై రెండు గ్రామాల మధ్య 7 సెం.మీ. ఉంటే వాటి సరళరేఖా దూరం 3.5 కి.మీ. అవుతుంది. వంకర దారి పొడవు తెలియాలంటే దాని వెంబడి దారాన్ని పరచి, ఆ దారాన్ని కొలవాలి. పటాన్ని పెద్దదిగా గాని చిన్నదిగా గాని నకలు తీసినచో నిష్పత్తి మారిపోతుంది; పటంతోపాటే మారే గీత స్కేలు మాత్రం సరిగానే ఉంటుంది.

దిక్కు

ఉత్తరాన్ని 0°గా తీసుకొని సవ్యదిశలో కొలిచిన కోణాన్ని దిగంశం అంటారు. తూర్పు 90°, దక్షిణం 180°, పడమర 270°. దీనిని కోణమానినితో కొలుస్తారు. తిరుగు దిక్కుకై 180° కలపాలి లేదా తీసివేయాలి: వెళ్ళేటపుడు 60° అయితే వచ్చేటపుడు 240°. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం కనుక దిక్పాతాన్ని సవరించాలి. 60 కి.మీ. ప్రయాణంలో 1° పొరపాటు జరిగినా గమ్యానికి సుమారు 1 కి.మీ. పక్కకు చేరుతారు.

అక్షాంశ రేఖాంశాలతో లెక్క

ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కి.మీ. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతాయి గనుక ఒక డిగ్రీ రేఖాంశానికి 111ను అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. దీనిని మరచిపోవడం విద్యార్థులు తరచు చేసే తప్పు.

ఉదాహరణకు హైదరాబాదు 17.39° ఉ, 78.49° తూ, విశాఖపట్నం 17.69° ఉ, 83.22° తూ.

* ఉత్తరానికి తేడా: 0.30 × 111 = 33 కి.మీ.
* సగటు అక్షాంశం 17.54° వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కి.మీ.
* తూర్పుకు తేడా: 4.73 × 106 = 501 కి.మీ.

పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దూరం సుమారు 502 కి.మీ. దిగంశపు టాంజెంట్ 501/33 కనుక దిగంశం సుమారు 86°, అనగా దాదాపు తూర్పు. రోడ్డు విజయవాడ మీదుగా తిరిగి వెళ్ళడం వలన ఆ దూరం 600 కి.మీ.కు పైగా ఉంటుంది.

పరిమితులు

ఈ పద్ధతి కొన్ని వందల కిలోమీటర్ల వరకే సరిపోతుంది. ఖండాల మధ్య దూరాలకు భూమి వంపును లెక్కలోకి తీసుకొని గోళీయ త్రికోణమితిని వాడాలి. మెర్కేటర్ పటంపై గీసిన సరళరేఖ స్థిరమైన దిగంశాన్ని చూపుతుంది గాని, సాధారణంగా అది అతి దగ్గరి దారి కాదు.