పిల్లి ట్రేలోకి దుమ్ము లేవని పొట్టు

విత్తనాల గదిలో ఎలుకల బాధకు పిల్లిని పెట్టుకున్నాం. వానల్లో అది బయటికి పోదు, ఇంట్లో ట్రే పెట్టక తప్పలేదు. కొన్న బెంటొనైట్ మట్టి పోస్తే తెల్లగా దుమ్ము లేచి అమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలు చూసినవాళ్లకు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

ఊక బూడిద పోయమన్నారు. వద్దండీ, అందులోనూ ఎక్కువ సిలికాయే. చివరికి సామిల్లులో మందు కొట్టని కలప పొట్టు తెచ్చాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకదే వాడుతున్నాం. నల్లగుడ్డ మీద మోకాలెత్తు నుంచి గుప్పెడు పోస్తే ఏది ఎంత లేస్తుందో తెలిసిపోతుంది. మూడూ వీడియోలో పోసి చూపించాను.

ఒక్కటి మర్చిపోవద్దు. వాడిన పొట్టును ఘనజీవామృతంలో గానీ కూరగాయల ఎరువులో గానీ కలపొద్దు. పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పెంట పడ్డాక అది అంటుకునే దశకు రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే రోజూ తీసి, బావికీ మడులకూ దూరంగా గొయ్యిలో పూడ్చండి. గర్భిణులతో ఆ పని చేయించొద్దు.