కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం

కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉన్న రక్షిత అటవీ ప్రాంతము. దీని వైశాల్యము 357.6 చదరపు కిలోమీటర్లు. ఏనుగుల రక్షణ ముఖ్యోద్దేశంగా 1990 డిసెంబరులో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. ఏనుగులపై సవారీ చేయకుండా, వాటిచేత విన్యాసాలు చేయించకుండా, అవి స్వేచ్ఛగా తిరిగే చోటనే వాటి జీవనాన్ని తెలుసుకోదలచిన పర్యాటకులకు తెలుగునాట ఇది ముఖ్యమైన ప్రదేశము. అయితే ఇక్కడికి వచ్చిన ప్రతివారికీ ఏనుగు కనబడుతుందన్న హామీ లేదు.

భౌగోళికము

పలమనేరు, కుప్పం పట్టణాల పరిసరాలలోని కొండలు, లోయలు ఈ అరణ్యంలో భాగము. పాలారు నదికి ఉపనదులైన కౌండిన్య, కైగల్ ఏర్లు ఇక్కడ ప్రవహిస్తాయి. కైగల్ ఏటిపై ఉన్న జలపాతము సందర్శకులను ఆకర్షిస్తుంది. ఇది ఆకురాల్చు మెట్ట అడవి. వెదురు, తుమ్మ మొదలైనవి పెరుగుతాయి. ఏనుగులతో పాటు చిరుతపులి, ఎలుగుబంటి, కణితి, చుక్కల దుప్పి, అడవిపంది, దేవాంగపిల్లి వంటి జంతువులు ఉన్నాయి. దక్షిణ భారతదేశంలోని రాతికొండలలో మాత్రమే నివసించే పసుపుగొంతు పికిలిపిట్ట కూడా ఇక్కడ కనిపిస్తుంది.

ఏనుగుల రాక

ఈ ప్రాంతంలో సుమారు రెండు శతాబ్దాలపాటు అడవి ఏనుగులు లేవు. 1980వ దశకంలో తమిళనాడులోని హోసూరు, ధర్మపురి, కర్ణాటకలోని ఆనేకల్ అడవుల వైపునుండి కొన్ని గుంపులు చిత్తూరు జిల్లాలోకి ప్రవేశించాయి. పాత నివాసాలు కుంచించుకుపోవడము, కరవు ఇందుకు కారణాలుగా భావిస్తారు. అంటే ఈ ఏనుగులను ఎవరూ తెచ్చి విడువలేదు. మేత, నీరు వెదకుకొంటూ అవే వచ్చాయి. 2003లో ఈ ప్రాంతాన్ని కలుపుకొని రాయల ఏనుగుల రిజర్వును ఏర్పాటు చేశారు.

ఎదిగిన ఆసియా ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. అందువలన ఒక గుంపుకు విశాలమైన అడవి కావాలి. గుంపును వయసు మీరిన ఆడ ఏనుగు నడిపిస్తుంది. మగ ఏనుగులు యుక్తవయసు రాగానే గుంపును విడిచి వెళ్ళి, ఎక్కువగా ఒంటరిగా తిరుగుతాయి.

గ్రామాలు, ఏనుగులు

కౌండిన్య అడవి సన్నగా, పొడవుగా ఉండుటచే దాని అంచున గ్రామాలు, పొలాలు చాలా ఉన్నాయి. చెరకు, వరి, రాగి, అరటి, మామిడి వంటి పంటలు ఏనుగులను ఆకర్షిస్తాయి. ఒక్క రాత్రిలో రైతు ఏడాది కష్టము పోవచ్చు. అటవీశాఖ కందకాలు త్రవ్వించి, సౌర విద్యుత్ కంచెలు వేయించింది. కాని ఏనుగులు చెట్టును కంచెపైకి పడవేసి, కందకం గట్టును కాలితో పూడ్చి దాటగలవు. మనుషులు ఏనుగుల దాడిలో మరణించారు. అడవిపందుల కొరకు అక్రమంగా అమర్చిన విద్యుత్ తీగెలు తగిలి ఏనుగులూ మరణించాయి. 2023 జూన్‌లో పలమనేరు సమీపాన చెన్నై–బెంగళూరు రహదారిని దాటుతున్న మూడు ఏనుగులు లారీ ఢీకొని చనిపోయాయి.

అభయారణ్యము, శిబిరము

ఈ రెండింటికీ తేడా ఉన్నది. అభయారణ్యంలోని ఏనుగులు అడవివి. శిబిరంలోనివి మావటీల అదుపులో ఉండే పెంపుడు ఏనుగులు. పొలాలపైకి వచ్చిన అడవి ఏనుగులను తరుముటకు ఉపయోగించే శిక్షిత ఏనుగులను కుంకీలు అంటారు. రామకుప్పం మండలం ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలు ఈ పని చేశాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము మరికొన్ని కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. ఇవి వినోదము కొరకు ఉంచినవి కావు.

ఇతర దేశాలలో, ముఖ్యంగా థాయిలాండ్‌లో, ఏనుగు సవారీలు, ప్రదర్శనలు పెద్ద వ్యాపారముగా సాగాయి. పిల్ల ఏనుగును తల్లినుండి వేరుచేసి, కట్టివేసి, కొట్టి లొంగదీసే పద్ధతులు వెలుగులోకి వచ్చిన తరువాత, సవారీ లేని సంరక్షణ కేంద్రాలకు ఆదరణ పెరిగింది. పేరులో 'అభయ' అన్న మాట ఉన్నంత మాత్రాన ఆ స్థలము అటువంటిది కాదు. సవారీ, ఆటలు, పర్యాటకులచే స్నానము చేయించుట ఉన్నాయా, ఏనుగుల కాళ్ళపై గొలుసు పుండ్లు ఉన్నాయా, ఏనుగు నిలిచినచోటనే ఆగకుండా తల ఊపుతున్నదా అని గమనించాలి.

సందర్శకులకు సూచనలు

వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము ఏనుగు మొదటి షెడ్యూలులోని జంతువు. అభయారణ్యంలో ప్రవేశమునకు అటవీశాఖ అనుమతి అవసరము. ఏనుగులు తిరుగుతున్నాయన్న సమాచారము ఉన్న రోజున ప్రయాణము మానుకొనుట మంచిది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలంలోని గుండాలకోన అడవిదారిన రాత్రివేళ నడిచి వెళ్తున్న భక్తులపై ఏనుగులు దాడిచేయగా కొందరు మరణించారు. ఆ దారి కౌండిన్యకు చెందినది కాకపోయినా, హెచ్చరిక ఇక్కడికీ వర్తిస్తుంది.

* తెల్లవారుజామున, చీకటిపడిన తరువాత అడవిదారులలో నడవరాదు.
* ఏనుగుకు ఆహారము పెట్టరాదు. ఆహారానికి అలవాటుపడిన ఏనుగు ఊళ్ళలోకి వస్తుంది.
* ఫొటో కొరకు దగ్గరకు వెళ్ళుట, కేకలు వేయుట, రాళ్ళు రువ్వుట చేయరాదు.
* పిల్లలున్న గుంపుకు, కన్నుకు చెవికి మధ్యనుండి మదజలము కారుతున్న మగ ఏనుగుకు మరింత దూరంగా ఉండాలి.
* ఏనుగు మేత మాని, చెవులు విప్పి, కదలక నిలబడితే అది హెచ్చరిక. నిశ్శబ్దంగా వెనుకకు మరలాలి.

ఏనుగు కనబడకపోయినా దాని జాడ చదువుకొనవచ్చును. లద్దె, బెరడు ఒలిచిన చెట్లు, విరిగిన వెదురు, నీటి అంచున అడుగులు దాని రాకపోకలను తెలుపుతాయి. ముందుకాలి అడుగు చుట్టుకొలతకు రెట్టింపు, ఆ ఏనుగు భుజముల ఎత్తుకు సుమారుగా సమానము. స్థానిక అటవీ సిబ్బంది వెంట ఉన్నచో ఈ జాడలను సులభంగా గుర్తించవచ్చును.

చేరుకొనే మార్గము

పలమనేరు చిత్తూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు వెళ్ళు రహదారిపై ఉన్నది. చెన్నై–బెంగళూరు మార్గంలో కుప్పం రైల్వేస్టేషను ఉన్నది.