గాలిమరకు ఒక్క నల్లరెక్క ఎందుకు?

సౌదీలో ఉత్తరాన దూమత్ అల్ జందల్ దగ్గర 99 గాలిమరలు తిరుగుతుంటాయి. దూరానికి బద్ధకంగా తిరుగుతున్నట్టే ఉంటాయి గానీ, పెద్ద మరల రెక్క కొస గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటేస్తుంది!

అంత చూపున్న గద్ద ఆ రెక్కలకు తగలకుండా తప్పుకోదేం? వేటలో దాని చూపంతా నేల మీదే. పైగా ఆ వేగానికి తెల్లరెక్కలు మూడూ కలిసి పలచటి మసకలా కనబడతాయట.

నార్వేలోని స్మోలాలో నాలుగు మరలకు ఒక్కో రెక్కను నల్లగా మార్చారు. నలుపు వచ్చిపోతుంటే పక్షి కంటికి ఆనుతుంది. పక్షుల చావులు 70 శాతానికి పైగా తగ్గాయని 2020లో తేల్చారు. నాలుగు మరలతోనే అంతటా ఇంతేననుకోలేం లెండి.

రాత్రి ఎగిరే గబ్బిలాలకు రంగుతో లాభం లేదు. వాటికోసం కొన్నిచోట్ల గాలి తక్కువున్న రాత్రుల్లో మరలే ఆపేస్తారు. అప్పుడు కరెంటు ఎలాగూ అంతంతమాత్రమే.