ఎండెక్కక ముందే గాలి చూసుకోండి

టైర్లలో గాలి కొలవడానికి సరైన వేళ తెల్లవారుజాము. దోహాలోని అల్ మన్సూరా సందుల్లో రాత్రంతా ఆగి ఉన్న బండిలో మీటరు చూపేదే అసలు లెక్క. మధ్యాహ్నం సల్వా రోడ్డు మీద తిరిగొచ్చి పెట్రోలు బంకులో చూస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే ఉంటుంది. ఎక్కువైందని తీయించేశారో, చల్లారాక టైరు మెత్తబడుతుంది.

ఈ ఎండల్లో మెత్తటి టైరు ప్రాణం మీదికి తెస్తుంది. గాలి తగ్గిన టైరు పక్కభాగం ప్రతి చుట్టుకూ బాగా వంగి లేస్తుంది. ఆ ఒరిపిడికి లోపల వేడి పుట్టి, చివరికి పైపొర ఊడిపోతుంది. 2010 జూలైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైంది. తారు అంతకన్నా కాలుతుంది. ఇలా జరిగిన ఉదాహరణ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్. దానికి కంపెనీ చెప్పిన గాలి 26 పీఎస్ఐ. దాని ఫైర్‌స్టోన్ టైర్ల పైపొరలు ఊడుతుంటే 1999లోనే సౌదీలోనూ, చుట్టుపక్కల గల్ఫ్ దేశాల్లోనూ టైర్లు మార్చడం మొదలుపెట్టారు. అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది 2000 ఆగస్టులో. ఆ తర్వాతే అక్కడ గాలి తగ్గితే వెలిగే హెచ్చరిక దీపం తప్పనిసరైంది. అయితే ఆ నిబంధన ప్రకారం నాలుగో వంతు గాలి పోయాక వెలిగినా చాలు. అంటే 32 ఉండాల్సింది 24కు దిగేదాకా మనకు తెలియకపోవచ్చు. దీపాన్ని నమ్ముకోకండి, నెలకోసారి మీటరు పెట్టి చూడండి.

ఎంత పట్టించాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద రాసింది గరిష్ఠ పరిమితి మాత్రమే. కుటుంబంతో, సామానుతో అబూ సమ్రా సరిహద్దు దాటి వెళ్లేటప్పుడు నిండు బరువుకు చెప్పిన లెక్క పాటించాలి. స్టెప్నీనీ మరవకండి. సీలైన్ ఇసుకలో గాలి తగ్గించినవాళ్లు తారెక్కగానే మళ్లీ పట్టించాలి.

కొత్త టైరు కొనేటప్పుడు డీఓటీ వరసలో చివరి నాలుగంకెలు చదవండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. సైజు పక్కన 91 వి అని ఉంటే ఆ టైరు 615 కిలోలు మోస్తుంది, గంటకు 240 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. పాతదానికన్నా తక్కువ అంకె ఒప్పుకోవద్దు. వేడిని తట్టుకునే గ్రేడు ఏ, బీ, సీ అని ఉంటుంది. ఇక్కడికి ఏ తీసుకోవడమే మంచిది. చవగ్గా వచ్చే సెకండ్ హ్యాండ్ టైర్లు మాత్రం వద్దే వద్దు. గాళ్లు లోతుగా కనిపించినా, ఎండకు గట్టిపడిన రబ్బరు లోపల ఏమైందో పైకి తెలియదు.

కఫీల్ (యజమాని) బండి నడిపే తమ్ముళ్లకు ఒక్క మాట. టైరు అరిగినా, పగుళ్లిచ్చినా ఫొటో తీసి ఆయనకు ఆరోజే పంపండి. అడగడానికి మొహమాటపడకండి, ఆ బండిలో ముందు సీట్లో కూర్చునేది మీరే.